ట్రాక్టర్ ఇంజిన్ వాల్వుల మార్పిడి: అంచనా స్థానంలో కొలత రావాలి

ఉమ్మడి వరంగల్ జిల్లాలో నేడు దుక్కి మొదలుకొని ధాన్యం రవాణా వరకు వ్యవసాయ పనులలో అధిక భాగం ట్రాక్టర్ మీదనే నడుస్తున్నది. మృగశిర కార్తెలో తొలకరి పడగానే చల్క నేలల్లో, నల్లరేగడి నేలల్లో పత్తికి దుక్కి సిద్ధం కావాలి. జూలై, ఆగస్టు నెలల్లో పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువుల ఆయకట్టులోను, బావులు, బోర్ల కిందను వరి మడులు దమ్ము చేయాలి. యాసంగి నాట్లకు మళ్ళీ అదే పని. పంట చేతికి వచ్చిన తరువాత పత్తి, మిర్చి, మొక్కజొన్న ఎనుమాముల మార్కెట్‌కు చేరాలి. ఈ వరుసలో ఏ దశలోనైనా ట్రాక్టర్ వారం రోజులు షెడ్డులో నిలిచిపోతే నష్టం మరమ్మతు బిల్లుతో ముగియదు. నారు ముదురుతుంది, అదును తప్పుతుంది, కిరాయి ట్రాక్టర్ కోసం రైతు ఎదురుచూడవలసి వస్తుంది.

ఇంజిన్ మరమ్మతులలో సిలిండర్ హెడ్ పని ముఖ్యమైనది. వాల్వులు కాలడం, గైడ్లు అరగడం, వాల్వు సీళ్ళు గట్టిపడడం ఏ ఇంజిన్‌కైనా కాలక్రమంలో తప్పనివే. ఆలోచించవలసినది ఆ మరమ్మతు జరుగుతున్న తీరు గురించి. హెడ్ విప్పిన తరువాత ఏ వాల్వు పనికివస్తుంది, ఏది పనికిరాదు, గైడ్ మార్చాలా వద్దా అనే నిర్ణయం చాలాచోట్ల కంటిచూపుతోను, వేలితో కదిపి చూడడంతోను జరిగిపోతున్నది. దీనివల్ల పనికివచ్చే భాగాలను పారవేయడమో, పనికిరాని వాటిని పేస్టు పెట్టి రుద్ది తిరిగి బిగించడమో జరుగుతుంది. రెండింటి ఖర్చూ రైతే భరిస్తాడు. వాల్వు, గైడ్, సీలు ఎంపికలో కొలతను తప్పనిసరి చేయడం, అందుకు అవసరమైన కొలతల వివరాలను తెలుగులో గ్రామ మెకానిక్ చేతికి అందించడం వ్యవసాయ విస్తరణలో భాగం కావాలి. విత్తనం, ఎరువు, పురుగుమందు విషయంలో చూపే శ్రద్ధలో కొంత భాగం రైతు పెట్టుబడిలో అతి పెద్దదైన ఈ యంత్రం మీద కూడా చూపవలసి ఉన్నది.

వాల్వు మీద పడే భారం

ఈ ప్రాంతంలో ఎక్కువగా వాడే 35 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లలో సాధారణంగా మూడు లేదా నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంటుంది. వీటిలో ఎక్కువ వాటికి సిలిండర్‌కు ఒక ఇన్‌లెట్ వాల్వు, ఒక ఎగ్జాస్ట్ వాల్వు ఉంటాయి. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగినపుడు ప్రతి వాల్వు నిమిషానికి 1000 సార్లు, అంటే గంటకు 60,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అదే వేగంలో 500 గంటలు పనిచేసేసరికి ఆ సంఖ్య మూడు కోట్లకు చేరుతుంది.

పూర్తి భారం మీద ఎగ్జాస్ట్ వాల్వు తల 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఆ వేడిలో సుమారు నాలుగింట మూడు వంతులు వాల్వు మూసుకున్న క్షణంలో సీటు ద్వారా హెడ్‌లోని నీటికి చేరుతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం వాల్వు కాడ, అంటే మెకానిక్‌లు స్టెమ్ అని పిలిచే భాగం ద్వారా గైడ్‌కు చేరుతుంది. కాబట్టి సీటు మీద వాల్వు సరిగా కూర్చోవడం కంప్రెషన్ నిలపడానికి ఎంత అవసరమో, వాల్వు చల్లబడడానికి కూడా అంతే అవసరం. సీటు మీద ఒక చోట సందు ఏర్పడితే అక్కడ మంట జ్వాల జారి వాల్వు అంచును కాల్చివేస్తుంది. గైడ్ అరిగితే వాల్వు వాలుగా కూర్చుంటుంది. అప్పుడు సీటు ఒకవైపు ఎక్కువగా అరుగుతుంది. ఈ మూడు భాగాలలో దేనినీ విడిగా చూడడానికి వీలులేదు.

స్థానిక పరిస్థితుల ప్రభావం

వాల్వు, గైడ్ల ఆయుష్షును తగ్గించే కారణాలు ఇక్కడి సేద్యంలోనే ఉన్నాయి. వీటిలో మొదటిది దుమ్ము. ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చల్క నేలల్లో రోటవేటర్ నడిచేటపుడు, మొక్కజొన్న నూర్పిడి యంత్రాన్ని ట్రాక్టర్‌కు కలిపి నడిపేటపుడు ఇంజిన్ దుమ్ము మేఘంలోనే గాలి పీల్చుకుంటుంది. ఎయిర్ క్లీనర్‌లో నూనె మట్టం తగ్గినా, గొట్టం బిగింపు వదులైనా సన్నని ఇసుక ఇన్‌లెట్ వాల్వు స్టెమ్ మీదుగా పోతుంది. నూనెతో కలిసిన ఆ ఇసుక గైడ్ లోపలి గోడను రుబ్బుతుంది. క్లీనర్ మూసుకుపోయినా హానికరమే. ఇన్‌లెట్ గొట్టంలో పీడనం మరింత తగ్గి, గైడ్ సందుల నుంచి నూనె ఎక్కువగా లోపలికి లాగబడుతుంది. దుమ్ములో పనిచేసే రోజుల్లో ఎయిర్ క్లీనర్‌ను ప్రతిదినం తనిఖీ చేయడం వాల్వు మరమ్మతును వాయిదా వేసే అతి చౌకైన మార్గం.

తరువాతది నీరు. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు కఠినత్వం గల బోరు నీరు పోస్తూ ఉంటే హెడ్ లోపలి నీటి మార్గాలలో సున్నపు పొర పేరుకుంటుంది. ఎగ్జాస్ట్ సీటు చుట్టూ ఆ పొర చేరినపుడు వేడి బయటికి పోదు. రేడియేటర్ జాలి మీద గడ్డి నలుసులు, పొట్టు పేరుకోవడం దీనికి తోడవుతుంది. దమ్ములో కేజీవీల్స్‌తో గంటల తరబడి పూర్తి భారం మీద నడిచే ఇంజిన్‌లో మొదట దెబ్బతినేది ఎగ్జాస్ట్ వాల్వు.

టాపెట్ సందు విషయంలో ఉన్న అపోహ మరొక కారణం. టాపెట్ శబ్దం వినిపిస్తే దానిని లోపంగా భావించి, శబ్దం పోయేదాకా సందు బిగించే అలవాటు ఉన్నది. ఇంజిన్‌ను బట్టి ఈ సందు సాధారణంగా 0.25 నుంచి 0.45 మి.మీ. మధ్య ఉంటుంది. సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్‌లోకి దిగి, సందు తనంతట తానే తగ్గుతూ వస్తుంది. దానిని ఇంకా బిగిస్తే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. శబ్దం చేసే టాపెట్ హెచ్చరించి సమయమిస్తుంది. బిగుసుకున్న టాపెట్ మాత్రం ఏ చప్పుడూ లేకుండా వాల్వును కాల్చివేస్తుంది. ఒక ఫీలర్ గేజ్, పది నిమిషాల ఓపిక ఉంటే నివారించగల నష్టమిది.

నీలి పొగ మీద తొందరపాటు తీర్పు

రైతుకు ఎక్కువ నష్టం కలిగించే పొరపాటు విడిభాగాల ఎంపిక కంటే ముందే, రోగ నిర్ధారణలోనే జరుగుతున్నది. సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే నూనె కాలుతున్నదని అర్థం. ఆ నూనె పిస్టన్ రింగుల పక్క నుంచి పైకి రావచ్చు, వాల్వు గైడ్ల గుండా కిందికి దిగనూవచ్చు. మొదటిదైతే లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చవలసి రావచ్చు. రెండవదైతే హెడ్ వరకు విప్పి గైడ్లు, సీళ్ళు మార్చితే సరిపోతుంది. ఈ రెండు పనుల ఖర్చుకు పోలికే లేదు. అయినా నీలి పొగ కనిపించగానే ఇంజిన్ మొత్తం విప్పించే సలహా రైతుకు సులభంగా లభిస్తుంది.

రెండింటి మధ్య తేడాను హెడ్ విప్పకముందే చాలావరకు గుర్తించవచ్చు. రాత్రంతా నిలిపిన ట్రాక్టర్‌ను ఉదయం స్టార్ట్ చేయగానే నీలి పొగ ఒక్కసారిగా వచ్చి కొద్దిసేపటికి తగ్గిపోతే, అలాగే ఎక్కువసేపు ఐడిల్‌లో నడిపి ఒక్కసారిగా వేగం పెంచినపుడు పొగ వస్తే అనుమానం వాల్వు సీళ్ళ మీదికి పోవాలి. ఆగి ఉన్న సమయంలో రాకర్ల దగ్గర నిలిచిన నూనె గైడ్ల గుండా దిగడమే దీనికి కారణం. భారం మీద పొగ ఎడతెగక వస్తూ, బ్రీథర్ గొట్టం నుంచి వాయువు బలంగా చిమ్ముతుంటే రింగులను, లైనర్లను అనుమానించాలి.

దీనిని నిర్ధారించుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. పరీక్షించవలసిన సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ దశలో పై అంచుకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్న స్థితిలో ఇంజిన్ తిరగకుండా ట్రాక్టర్‌ను గేరులో ఉంచి, చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజెక్టర్ రంధ్రం గుండా సరైన అడాప్టర్‌తో గాలి ఎక్కించాలి. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ దీనికి చాలు. గాలి ఎయిర్ క్లీనర్ వైపు బుసకొడితే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ వైపు అయితే ఎగ్జాస్ట్ వాల్వు లీకవుతున్నట్లు. నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే రింగుల నుంచి గాలి దిగుతున్నట్లు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్‌నో హెడ్ పగులునో వెదకాలి. గైడ్ అరుగుదలను ఈ పరీక్ష చూపదు కాబట్టి పొగ వచ్చే తీరును దీనితో కలిపి చూడాలి. అరగంటలో ముగిసే ఈ పరిశీలన లేకుండా ఇంజిన్ విప్పడం, రక్తపరీక్ష లేకుండా శస్త్రచికిత్సకు పూనుకోవడం వంటిది.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

హెడ్ విప్పిన తరువాత ప్రతి వాల్వునూ అది వచ్చిన స్థానం గుర్తుతో విడిగా ఉంచాలి. మసి పూర్తిగా తీసిన తరువాత స్టెమ్ వ్యాసాన్ని పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట రెండు దిశలలో మైక్రోమీటర్‌తో కొలవాలి. గైడ్ రంధ్రాన్ని చిన్న రంధ్రాల గేజ్‌తో గాని, నిర్ణీత పరిమాణపు ప్లగ్ గేజ్‌తో గాని చూడాలి. ఈ రెండింటి తేడాయే స్టెమ్‌కు, గైడ్‌కు మధ్య ఉండే సందు. కొత్త భాగాలతో ఇది మి.మీ.లో నూరవ వంతుల లెక్కలో ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి సందు కొంచెం ఎక్కువ ఇస్తారు. ఏ ఇంజిన్‌కు ఎంత, ఎంతవరకు అరిగితే మార్చాలి అన్నది ఆ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్ చెబుతుంది. ఇంత సన్నని తేడాలను వేలు పసిగట్టలేదు.

వాల్వు తల అంచు మందం మరొక ముఖ్యమైన కొలత. గ్రైండింగ్ చేసినకొద్దీ ఈ అంచు పలుచబడుతుంది. సాధారణంగా 0.8 మి.మీ. కంటే తక్కువకు దిగిన అంచు వేడిని తట్టుకోలేక కత్తి వాదరలా కాలిపోతుంది. మాన్యువల్ ఇంతకంటే ఎక్కువ మందం అడిగితే దానినే పాటించాలి. స్టెమ్ ఒక చోట సన్నబడినట్లు కనిపించినా, తల కింది భాగంలో పగులు గీతలున్నా, లాకులు కూర్చునే గాడి అరిగినా ఆ వాల్వును ఎంత రుద్దినా ప్రయోజనం లేదు.

అందరూ మరచిపోయే కొలత ఒకటున్నది. వాల్వు తల హెడ్ ముఖం నుంచి ఎంత లోతుకు దిగి ఉన్నదో డెప్త్ గేజ్‌తో చూడాలి. సీటును పలుమార్లు కోసిన హెడ్‌లో వాల్వు లోతుకు దిగిపోతుంది. అప్పుడు కంప్రెషన్ తగ్గి, చలికాలం ఉదయాల్లో ఇంజిన్ స్టార్ట్ కావడం కష్టమవుతుంది. అదే సమయంలో వాల్వు స్ప్రింగ్ బిగింపు ఎత్తు పెరిగి దాని పట్టు తగ్గుతుంది. ఇటువంటి హెడ్‌కు కొత్త వాల్వు వేసినా ఫలితం ఉండదు. సీటు ఇన్సర్ట్ మార్చవలసి ఉంటుంది. ఇందుకు భిన్నంగా వాల్వు హెడ్ ముఖం కంటే నిర్ణీత హద్దు దాటి పైకి ఉంటే పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉన్నది. స్ప్రింగులను కూడా పొడవు, నిలువు, ఒత్తిడికి అవి చూపే బలం చూసిన తరువాతనే తిరిగి వాడాలి.

కొత్త వాల్వు కొనేటపుడు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వుల లోహాలు వేరని గుర్తుంచుకోవాలి. ఇన్‌లెట్ వాల్వుకు క్రోమియం, సిలికాన్ కలిసిన ఉక్కు సరిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వుకు ఎక్కువ వేడిలో బలం కోల్పోని ఆస్టెనిటిక్ ఉక్కు కావాలి. సుమారు 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉండే 21-4ఎన్ రకం ఇందులో ప్రసిద్ధమైనది. కొన్నింటి సీటు అంచు మీద స్టెల్లైట్ పూత ఉంటుంది. ఆస్టెనిటిక్ ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు. అయితే చాలా ఎగ్జాస్ట్ వాల్వులలో తల ఒక లోహంతో, స్టెమ్ మరొక లోహంతో చేసి అతికిస్తారు. అందువల్ల స్టెమ్ అంటుకున్నంత మాత్రాన వాల్వు నకిలీ అనడానికి వీలులేదు. తల మీద పరీక్షించాలి. కొన్ని ఇంజిన్లకు తయారీదారే ఇతర లోహాలను నిర్ణయించి ఉండవచ్చు. కాబట్టి అయస్కాంత పరీక్ష ఒక సూచన మాత్రమే. ఇంజిన్ నంబరు చూపి, దానికి సరిపోయే పార్టు నంబరు గల వాల్వును బిల్లుతో కొనడమే రైతుకు రక్షణ. ఒకే కంపెనీ ట్రాక్టర్‌లో కూడా ఇంజిన్ రకాన్ని బట్టి స్టెమ్ వ్యాసం, సీటు కోణం మారవచ్చు. సీటు కోణం 45 డిగ్రీలున్న ఇంజిన్లున్నాయి, ఇన్‌లెట్‌కు 30 డిగ్రీలు ఉంచిన ఇంజిన్లూ ఉన్నాయి. ట్రాక్టర్ పేరు మాత్రమే చెప్పి వాల్వు సెట్టు తెచ్చుకోవడం పొరపాటుకు తావిస్తుంది.

సీలు పరిమాణంలో చిన్నది, పనిలో కాదు

వాల్వు సీలు గైడ్‌లోకి దిగే నూనెను అదుపు చేస్తుంది. నూనెను పూర్తిగా ఆపివేయడం దాని పని కాదు. స్టెమ్‌కు, గైడ్‌కు మధ్య సన్నని నూనె పొర నిలవాలి. అది లేకుంటే వాల్వు గైడ్‌లో పట్టేస్తుంది. అందుకే సీలు బిగుతుగా ఉంటే మంచిదనే భావన సరికాదు. కొన్ని ఇంజిన్లకు ఇన్‌లెట్ వాల్వులకే సీళ్ళుంటాయి. అటువంటి ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వైపు కూడా సీలు తొడగడం మేలుకు బదులు కీడు చేయవచ్చు.

సీలు రబ్బరు రకం దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. నైట్రైల్ రబ్బరు సుమారు 120 డిగ్రీల వరకు, పాలీఅక్రిలేట్ సుమారు 150 డిగ్రీల వరకు, వైటాన్ పేరుతో ప్రసిద్ధమైన ఫ్లోరో రబ్బరు సుమారు 200 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. గట్టిపడిన సీలు గోరుతో నొక్కినా వంగదు, వంచితే పగులుతుంది. రంగును బట్టి రబ్బరును నిర్ణయించడం నమ్మదగినది కాదు, ఎందుకంటే ఏ రబ్బరుకైనా ఏ రంగైనా వేయవచ్చు. తయారీదారు పేరు, పార్టు నంబరు ఉన్న ప్యాకెట్ మీదనే ఆధారపడాలి. గాస్కెట్ సెట్టుతో వచ్చిన సీళ్ళన్నీ ఒకే నాణ్యతవి కావు. ఏళ్ళ తరబడి రేకుల షెడ్డు వేడిలో నిలవ ఉన్న సీలు కొత్తదైనా దాని జీవం కొంత తగ్గి ఉంటుంది.

గైడ్ అరిగి ఉండగా సీలు మాత్రమే మార్చడం ఎక్కువగా జరిగే తప్పు. అరిగిన గైడ్‌లో స్టెమ్ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు కొత్త సీలు పెదవి కొద్ది కాలంలోనే వదులై, పొగ తిరిగి వస్తుంది. అప్పుడు రైతు సీలు నాణ్యతను నిందిస్తాడు, మెకానిక్ దుకాణదారుని నిందిస్తాడు. లోపం మాత్రం కొలవని గైడ్‌లో ఉంటుంది.

బిగింపులో వరుస తప్పరాదు

హెడ్ పనిలో వరుసకు ప్రాధాన్యం ఉన్నది. మొదట గైడ్, తరువాత సీటు, ఆ తరువాత వాల్వు, చివర సీలు. సీటు కోసే పరికరం గైడ్‌నే ఆధారంగా చేసుకుని తిరుగుతుంది. అరిగిన గైడ్‌ను ఉంచి సీటు కోస్తే సీటు కేంద్రం పక్కకు తప్పుతుంది. సీటు కోసిన తరువాత గైడ్ మార్చితే చేసిన పని వృథా అవుతుంది. కొత్త గైడ్‌ను సరైన లోతుకు ఒత్తి, రీమర్‌తో నిర్ణీత వ్యాసానికి తెచ్చిన తరువాతనే సీటు జోలికి పోవాలి.

గ్రైండింగ్ పేస్టుతో రుద్దడం చివరి మెరుగు కోసమే. కాలిన వాల్వును గంటల తరబడి రుద్ది సరిచేయాలనుకుంటే వాల్వు అంచులో గాడి పడుతుంది. సీటు ఎంత వెడల్పున, ఏ స్థానంలో తాకుతున్నదో నీలిరంగు పూతతో చూసుకోవాలి. పేస్టు రేణువు ఒక్కటి గైడ్‌లో మిగిలినా అదే సానరాయిలా పనిచేస్తుంది కనుక డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి.

స్టెమ్‌కు, సీలు లోపలి అంచుకు నూనె రాయకుండా సీలు తొడగరాదు. లాకులు కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటుంది. దాని మీదుగా సీలును జార్చేటపుడు సన్నని ప్లాస్టిక్ తొడుగు వాడకపోతే సీలు పెదవి చిరుగుతుంది. ఆ చిరుగు కంటికి కనిపించదు, పొగ రూపంలోనే తెలుస్తుంది. సీలును సుత్తితో నేరుగా కొట్టకుండా, దాని అంచుకు సరిపోయే గొట్టంతో సమంగా నొక్కాలి. ఒకసారి తీసిన సీలును తిరిగి వాడరాదు.

అన్నీ బిగించిన తరువాత హెడ్‌ను వాల్పి, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మార్గాలలో కిరోసిన్ పోసి, వాల్వు తలల చుట్టూ తడి ఊరుతుందేమో కొంతసేపు చూడాలి. హెడ్ బోల్టులను మధ్య నుంచి అంచులకు, మాన్యువల్ చెప్పిన వరుసలో, దశలవారీగా టార్క్ రెంచ్‌తో బిగించాలి. టాపెట్ సందును ఆ తరువాతనే పెట్టాలి. కొంతకాలం నడిచిన తరువాత మాన్యువల్ నిర్దేశించిన గంటలకు బోల్టులను, సందును తిరిగి చూడాలి. ఈ చివరి తనిఖీకి ట్రాక్టర్‌ను తీసుకువచ్చే రైతులు అరుదు. అందుకు రమ్మని చెప్పే మెకానిక్‌లు అంతకంటే అరుదు.

అనుభవానికి కొలత తోడు కావాలి

కొలత గురించి చెప్పినపుడు వచ్చే మొదటి అభ్యంతరం అనుభవజ్ఞులైన మెకానిక్‌ల నుంచే. ఇరవై, ముప్పై ఏళ్ళుగా ఇంజిన్లు విప్పుతున్నవారికి చెవి, చెయ్యి నేర్పిన విద్య ఉన్నది. దానిని తక్కువ చేయడం అన్యాయం. ఇంజిన్ చప్పుడు విని లోపం ఏ సిలిండర్‌లో ఉన్నదో చెప్పగల నైపుణ్యం ఏ పుస్తకమూ ఇవ్వదు. అయితే ఆ నైపుణ్యం ఎక్కడ వెదకాలో చెబుతుంది, ఎంత అరిగిందో చెప్పలేదు. మైక్రోమీటర్ వచ్చినంత మాత్రాన మెకానిక్ గౌరవం తగ్గదు. రైతు ముందు అంకె చూపి చెప్పిన మాటకు విలువ పెరుగుతుంది, పని పాడైనపుడు వచ్చే నింద తగ్గుతుంది.

రెండవ అభ్యంతరం సమయం. నాట్లు నడుస్తుండగా ట్రాక్టర్ ఆగితే రైతు రేపటికల్లా కావాలంటాడు. ఆ ఒత్తిడిలో కొలతలకు తీరిక ఉండదన్నది నిజమే. దీనికి పరిష్కారం కొలతను వదిలివేయడంలో లేదు, మరమ్మతును అదునుకు ముందే జరపడంలో ఉన్నది. వరంగల్ పక్కనే కాజీపేటలో రైల్వే డీజిల్ లోకోషెడ్ ఉన్నది. రైలింజన్ ఆగిపోయేదాకా రైల్వే వేచి ఉండదు. నిర్ణీత కాలానికి తనిఖీ చేసి, కొలిచి, హద్దు దాటిన భాగాన్ని మార్చుతుంది. ఊరంతటి దుక్కి మోసే ట్రాక్టర్‌కు అందులో కొంత క్రమశిక్షణ అసాధ్యం కాదు.

మూడవది ఖర్చు. ఒక మైక్రోమీటర్, ఒక డెప్త్ గేజ్, కొన్ని ప్లగ్ గేజ్‌లు, ఒక టార్క్ రెంచ్ ఒక చిన్న షెడ్డుకు భారమే కావచ్చు. పది షెడ్లకు కలిపి ఒక సెట్టు భారం కాదు.

సంస్థలు చేపట్టవలసిన పనులు

యాంత్రీకరణకు ప్రజాధనం చాలాకాలంగా ఖర్చవుతున్నది. కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ 2014-15లో మొదలైంది. తెలంగాణలో యంత్రలక్ష్మి పథకం కింద ట్రాక్టర్లకు, పనిముట్లకు రాయితీలు ఇచ్చారు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక మట్టి రైతుల పొలాలకు చేరింది ట్రాక్టర్ల మీదనే. ఈ ప్రయత్నాల దృష్టి ప్రధానంగా యంత్రం కొనుగోలు మీద, వినియోగం మీద నిలిచింది. కొన్న యంత్రాన్ని పదిహేనేళ్ళు నడిపే విద్యకు అంతటి స్థానం దక్కలేదు.

దేశంలో ఇందుకు ఆధారం లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరిస్తుంది. ఆ పరీక్షలలో ఇంజిన్ విప్పి వాల్వులు, గైడ్లు, స్ప్రింగుల అరుగుదలను కూడా పరిశీలిస్తారు. దక్షిణాదికి అటువంటి సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. ఆ నివేదికలు తెలుగులో లేవు, గార్లదిన్నె వరంగల్‌కు దూరం. ఈ దూరాన్ని తగ్గించవలసినది స్థానిక సంస్థలే.

మొదటి పనిగా, ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉన్న ట్రాక్టర్ ఇంజిన్లకు స్టెమ్ వ్యాసం, గైడ్ సందు, అరుగుదల హద్దు, సీటు కోణం, వాల్వు లోతు, టాపెట్ సందు, బోల్టు టార్క్ వివరాలతో ఒక తెలుగు పట్టికను తయారీదారుల మాన్యువళ్ళ ఆధారంగా రూపొందించాలి. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయపు వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగాలకు ఇది శక్తికి మించిన పని కాదు. షెడ్డు గోడకు తగిలించుకునే ఆ ఒక్క కాగితం అనేక ఉపన్యాసాల కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండవది, ప్రతి ఏటా ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం ఆధ్వర్యంలో మండలాల వారీగా ఇంజిన్ తనిఖీ శిబిరాలు జరపాలి. పశువైద్య శిబిరాలు ఊరికి కొత్త కావు. అదే పద్ధతిలో గాలి పరీక్ష, టాపెట్ సందు, ఎయిర్ క్లీనర్, కూలెంట్ తనిఖీ ఒక పూటలో అనేక ట్రాక్టర్లకు చేయవచ్చు. కొలత పరికరాల సెట్టును అక్కడే ఉంచి, మెకానిక్‌లకు వాడుకోవడానికి ఇవ్వవచ్చు.

మూడవది, గ్రామ మెకానిక్‌ల కోసం వారం రోజుల శిక్షణ. 1959లో దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా వెలసి నేడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా ఉన్న విద్యాలయం వరంగల్‌లోనే ఉన్నది. దాని మెకానికల్ విభాగం, ఐటిఐల బోధకులు, విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కలిస్తే బోధనకు కొరత ఉండదు. శిక్షణ తెలుగులో, మెకానిక్‌లు వాడే మాటలలో, అరిగిన హెడ్లను ముందు పెట్టుకుని జరగాలి.

నాలుగవది, కొలతల చీటీ. హెడ్ పని జరిగిన ప్రతి ట్రాక్టర్‌కు ఏ వాల్వు ఎంత కొలిచిందో, ఏది ఎందుకు మార్చారో రాసిన చీటీ రైతుకు ఇవ్వాలి. రాయితీ పొందిన కిరాయి యంత్ర కేంద్రాలకు దీనిని నియమంగా పెట్టడంతో మొదలుపెట్టవచ్చు. అక్కడ అలవాటైతే మిగతా రైతులు తామే అడుగుతారు. భూసార పరీక్ష ఫలితాన్ని కాగితం మీద చూడడం రైతుకు ఇప్పటికే తెలుసు. ఇంజిన్ కొలతలను అదే విధంగా చదవగలడు.

వీటిలో దేనికీ కొత్త సంస్థ, కొత్త భవనం అవసరం లేదు. ఉన్న సంస్థలు ట్రాక్టర్ మరమ్మతును తమ పరిధిలోని విషయంగా గుర్తించాలి. రైతు కూడా రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి: ఇంజిన్ విప్పకముందు, లోపం వాల్వుల దగ్గరా రింగుల దగ్గరా ఎట్లా తెలిసింది? విప్పిన తరువాత, ఈ గైడ్ కొలత ఎంత వచ్చింది, హద్దు ఎంత? ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానం చెప్పగల మెకానిక్‌లు ప్రతి మండలంలోనూ కొందరైనా ఉంటే, దమ్ము రోజుల్లో షెడ్డు ముందు నిలిచిపోయే ట్రాక్టర్ల సంఖ్య తగ్గుతుంది. వచ్చే మృగశిరకు ముందున్న వేసవి నెలలు ఈ పనికి తగిన కాలం.